కంచం చప్పుడు

గుణుపురంలో బుల్లి రైలు ఆగిపోయి ఇన్నేళ్ళయినా
గార్డు బంగళా వెనక గోడకి
అడుగున్నర ఎత్తులో ఆ కన్నం అలాగే ఉంది.
బదిలీ మీద పోతూ గార్డు వదిలేసిన టెర్రియరు ఆడది
అందులోంచే దూరి వచ్చిందట, కడుపుతో.
గోడకివతల పేడతట్టతో నిలబడినవాడు
పదహారేళ్ళ కింతలి దండాసి.

నేను రైసుమిల్లు కాటా గుమాస్తాని.
నాకు పద్యం తెలీదు, బస్తా తెలుసు.
బస్తాకి ఎలక వాటా ఎంతో తెలుసు.
అందుకని తూకం వేసే చెబుతున్నాను:
వంశధార ఒడ్డున ఏడు మిల్లుల్లో
నలభై ఏళ్ళు గింజ నిలిచిందంటే
ఆయన పెంచిన జాతి పళ్ళ మీద నిలిచింది.

మోకాలెత్తు లేని ప్రాణం.
తెల్లటి ఒళ్ళు, ఎడమ కంటి మీద బెల్లం మచ్చ.
పందికొక్కు కన్నంలో తల దూర్చిందంటే
వెనక కాళ్ళు రెండే లోకానికి వదిలేది.
"తోక కొయ్యకపోతే దొర కుక్క ఎలగవుద్ది?" అని అడిగితే
"దొరలే ఎల్లిపోనారు,
తోకెందుకెల్లాల?" అనేవాడు.

ఎర్రట్ట ఖాతా పుస్తకం ఒకటుండేది.
తల్లీ తండ్రీ ఈడూ ఆయన తెలుగులో రాస్తే
పిల్లల పేర్లు సుకాంతమ్మ ఒడియాలో రాసేది,
పోపులపెట్టె ముందర పెట్టుకుని:
జీరా, మేథి, గోలమరిచ.

గోలమరిచ! ఒక్క రాత్రి, ఒక్క లాంతరు,
ముప్పయ్యొక్క ఎలకలు.
రాయగడ నుంచి, పర్లాకిమిడి నుంచి
దాని పిల్లల కోసం బయానాలు.
మూడో ఈతలో, ముప్పయ్యైదో రోజున,
పడుకున్న పిల్లల వెనక ఆయన ఇత్తడి కంచం కొట్టాడు.
అయిదు ఉలిక్కిపడి లేచాయి.
రెండు నిద్రపోతూనే ఉన్నాయి.

ఆ పేజీ నేను చూశాను. సిరా రెండుచోట్ల పాకింది.
"తప్పు నాది. కూతుర్నే కట్టాను.
గోలమరిచ జోడీ ఇక లేదు."

కలప షావుకారు ఆవు ఖరీదిస్తానన్నాడు.
"సెవిటి పిల్లకి లారీ ఎనక్కొస్తే తెలీదు బావూ,
హారనెవుడికి కొడతావు?"
అని ఊరుకున్నాడా? లేదు.
సైకిలు కేరియరుకి కంచం కట్టుకుని
అంతకుముందు అమ్మిన ప్రతి పిల్ల దగ్గరికీ వెళ్ళాడు.
అడగనివాళ్ళ గుమ్మాలకి, ఎండలో, కంచం పట్టుకుని.
రెండుచోట్ల డబ్బు తిరిగిచ్చేశాడు.
ఒకచోట నవ్వారు.

మా మిల్లుకీ వచ్చాడు.
అప్పటికి నేను గోనెలు దులిపే గుంటణ్ణి.
ఊక గుట్ట మీద పడుకున్న మా మేథి వెనకగా
చెప్పులు విప్పి నడిచాడు, దొంగలాగ.
కంచం మోగింది. చెవులు నిక్కాయి.
ఆయన బస్తా మీద కూలబడి
మంచినీళ్ళు అడిగాడు. గ్లాసు అందుకున్న చెయ్యి
ఇప్పటికీ నా కళ్ళముందు వణుకుతోంది.

చెవిటివి రెండూ ఆయన దగ్గరే పెరిగాయి.
అన్నం వేళకి మడమతో నేల తట్టేవాడు.
మట్టిలోంచి విని పరిగెత్తుకొచ్చేవి.
పద్నాలుగేళ్ళు.
పెద్దదైతే ఆయన పోయిన నాలుగో నాటికీ
ఆ నేల మీదే గడ్డం ఆనించి పడుకుంది.

ఇప్పుడు బజారులో ఎవడి తెల్లకుక్కైనా
దండాసి జాతే. ధర దానికే.
నాకు మాత్రం సుకాంతమ్మ పిలిచి
పుస్తకం ఇచ్చింది, కంచం ఇచ్చింది.
కంచానికి అంచున సొట్ట ఉంది.

ఇవాళ మా జీరా పిల్లలకి ముప్పయ్యైదో రోజు.
వీధరుగు మీద ముగ్గురు, జేబుల్లో డబ్బుతో.
పిల్లలు ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోతున్నాయి,
బియ్యప్పిండి ముద్దల్లాగ.
ఎడమ చేతిలో కంచం,
కుడి చేతిలో గరిటె.

చెప్పులు విప్పాను.